బటన్లు లెక్కపెట్టి ఎడిటర్‌ను ఎంచుకోవద్దు

జూనియర్లు ఫైనలియర్ ప్రాజెక్టు చూడమని లింకు పంపితే నేను ముందు అడిగేది ఒకటే: ‘ఈ టెక్స్ట్ ఎడిటర్‌నే ఎందుకు పెట్టారు?’ కాలేజీ వెబ్‌సైటో, న్యూస్ పోర్టలో, ఏ కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అయినా అందులో రాసుకోవడానికి ఒక పెట్టె ఉంటుంది. బోల్డ్, లింకు, ఫొటో బటన్లతో బ్రౌజర్‌లోనే పనిచేసే ఆ పెట్టే ఎడిటర్. నా ప్రశ్నకు ఎక్కువగా వచ్చే జవాబు: ‘ట్యుటోరియల్‌లో అదే వాడారన్నా’. ఇంటర్వ్యూలో ఈ జవాబు నిలబడదు. ఉద్యోగంలో అసలే నిలబడదు.

దెబ్బ తిన్నాను కాబట్టే చెబుతున్నా. మొదటి ఉద్యోగంలో ఒక కాలేజీ సైట్ పని నాకు అప్పగించారు. ఎక్కువ బటన్లున్న ఎడిటర్ చూసి, అన్నీ ఆన్ చేసి ఇచ్చేశా. డెమోలో అందరూ మెచ్చుకున్నారు. నెల తిరక్కుండానే, ఆఫీసులో నోటీసులు పెట్టే మేడమ్ నుంచి ఫోన్. వర్డ్‌లో చేసిన పరీక్ష ఫీజు పట్టికను కాపీ చేసి పేస్ట్ చేశారావిడ. కంప్యూటర్‌లో బాగానే ఉంది. ఫోన్‌లో మాత్రం పట్టిక స్క్రీన్ దాటిపోయి, చివరి గడిలోని ఆఖరు తేదీ కనిపించలేదు. వర్డ్‌లోని కొలతలన్నీ కోడ్‌లోకి వచ్చేశాయి. తేదీ తెలియక ఆలస్య రుసుము కట్టిన విద్యార్థులున్నారు. తప్పు ఆవిడది కాదు, నాది.

అప్పట్నుంచి ఎడిటర్ ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటున్నా.

మొదటిది, రాసేదెవరు? డెవలపర్ కాదు, క్లర్కో సబ్ ఎడిటరో. వాళ్లకు హెడ్డింగ్, బోల్డ్, లిస్ట్, లింకు, ఫొటో, పట్టిక చాలు. రంగులు, ఫాంట్ సైజు బటన్లు తీసేయండి, ఆ పని సైట్ డిజైన్‌ది. టైనీఎంసీఈ, సీకేఎడిటర్ రెండింటిలోనూ బటన్లను మనకు కావాల్సినట్టు పెట్టుకోవచ్చు. రాసేవాళ్ల అలవాటును తక్కువ అంచనా వేయొద్దు. 2018 డిసెంబర్‌లో వర్డ్‌ప్రెస్ 5.0తో బ్లాక్ ఎడిటర్ వచ్చినా, పాత పద్ధతే కావాలని క్లాసిక్ ఎడిటర్ ప్లగిన్ పెట్టుకున్న సైట్లు లక్షల్లో ఉన్నాయి.

తెలుగు సైట్ అయితే ఇంకో సంగతి. ‘సాఫ్ట్‌వేర్’ అని రాయాలంటే ‘ట్’ తర్వాత కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు ఉండాలి. కోడ్‌ను శుభ్రం చేసేటప్పుడు దాన్ని చెత్త అనుకుని తీసేస్తే అది ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. డీటీపీ వాళ్లు అను ఫాంట్లలో చేసిన మ్యాటర్ పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు వస్తాయి. దాన్ని ముందే యూనికోడ్‌లోకి మార్చాలి.

రెండోది, డేటాబేస్‌లో సేవ్ అయ్యేదేంటి? టైనీఎంసీఈ, సీకేఎడిటర్ ఇచ్చేది హెచ్‌టీఎంఎల్. క్విల్‌కు డెల్టా అనే సొంత ఫార్మాట్ ఉంది. ఎడిటర్ డాట్ జేఎస్ జేసన్ బ్లాకులుగా ఇస్తుంది. ఒకే వార్తను వెబ్‌సైట్లో, యాప్‌లో వేర్వేరుగా చూపాలంటే బ్లాకులు బాగుంటాయి. కానీ రేపు ఎడిటర్ మార్చాలంటే పాత పేజీలన్నింటినీ మార్చే కోడ్ మీరే రాయాలి. చిన్న సైట్‌కు హెచ్‌టీఎంఎల్ చాలన్నది నా అభిప్రాయం. అయితే దాన్ని సర్వర్‌లో కచ్చితంగా శుభ్రం చేయాలి. ఎడిటర్ శుభ్రం చేస్తుందిలే అనుకోవద్దు. దాన్ని తెరవకుండానే నేరుగా సర్వర్‌కు హానికర స్క్రిప్ట్ పంపొచ్చు.

మూడోది, లైసెన్స్ ఏంటి, ఎన్నాళ్లు బతుకుతుంది? సీకేఎడిటర్ 4కు ఉచిత సపోర్ట్ 2023 జూన్‌తో ముగిసింది. 5వ వెర్షన్‌ను మొదట్నుంచి కొత్తగా రాశారు కాబట్టి పాత ప్లగిన్లు అందులో పనిచేయవు. టైనీఎంసీఈ 2024లో వచ్చిన 7వ వెర్షన్‌తో ఎంఐటీ లైసెన్స్ నుంచి జీపీఎల్‌కు మారింది. సోర్స్ కోడ్ ఇవ్వకుండా ప్రొడక్ట్ అమ్మే కంపెనీకి ఇది చిన్న మార్పు కాదు. కాలేజీ ప్రాజెక్టులో ‘ఫ్రీ’ అంటే డౌన్‌లోడ్‌కు డబ్బు అడగకపోవడం. కంపెనీలో ‘ఫ్రీ’ అంటే లైసెన్స్ చదివాక తేలేది.

ఇంతకీ ఏది మంచిది? ఆఫీసు సిబ్బంది రాసే సైట్‌కైతే, లైసెన్స్ కుదిరితే సీకేఎడిటర్ 5 పెడతా. వర్డ్ నుంచి తెచ్చిన మ్యాటర్‌ను సర్దే ప్లగిన్ దాని ఉచిత వెర్షన్‌లోనే ఉంది. రాసే అనుభవమే ప్రొడక్ట్ అయిన యాప్‌కు, కోడ్ రాసే ఓపిక ఉంటే, టిప్‌ట్యాప్ లేదా మెటా వాళ్ల లెక్సికల్ చూస్తా. ఇది నా ఎంపిక. మీది వేరే కావచ్చు, కారణం చెప్పగలిగితే చాలు.

ఈ వారమే ఓ పని చేయండి. రెండు ఎడిటర్లు తీసుకుని అరగంట పరీక్షించండి. ఫోన్‌లో తెలుగు టైప్ చేయండి. వర్డ్ నుంచి పట్టిక పేస్ట్ చేసి, సేవ్ చేసి, ఫోన్‌లో మళ్లీ తెరవండి. మీ ఇంట్లో కంప్యూటర్ పెద్దగా తెలియని ఒకరితో నాలుగు లైన్లు రాయించి, ఎక్కడ తడబడ్డారో చూడండి. ఏది వద్దనుకున్నారో, ఎందుకో ప్రాజెక్టు రిపోర్టులో అరపేజీ రాయండి. ‘ఎందుకు’ అని ఇంటర్వ్యూలో అడిగితే, ఆ అరపేజీయే మీ జవాబు.