ప్రసంగం ఏఐ రాయకూడదు: మార్కు సువార్త చదవడానికి నేను వాడే రెండు ఫ్రీ టూల్స్

కాచిగూడ, నారాయణగూడ, చిక్కడపల్లి వైపు యూత్ మీటింగుల్లో వాక్యం చెప్పే మనవాళ్ల చేతిలో ఇప్పుడు పుస్తకం బదులు ఫోన్ కనిపిస్తోంది. అందులో తప్పేం లేదు. కానీ శనివారం రాత్రి చాట్‌బాట్‌ని ‘మార్కు 4 మీద పది నిమిషాల ప్రసంగం రాయి’ అని అడిగి, ఆదివారం అదే చదివేయడం మాత్రం నాకు నచ్చదు. ఫోన్ మనం చదవడానికి సాయం చేయాలి గానీ, మన బదులు చదవకూడదు.

నా వరకైతే రెండు టూల్స్ చాలు. ఒకటి యూవర్షన్ బైబిల్ యాప్. 2008లో వచ్చింది, యాడ్స్ ఉండవు, తెలుగు అనువాదాలున్నాయి. రెండోది కేంబ్రిడ్జ్‌లోని టిండేల్ హౌస్ తయారుచేసిన స్టెప్ బైబిల్. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, లాగిన్ అక్కర్లేదు. ఇంగ్లిష్ పాఠంలో ఒక మాట మీద నొక్కితే వెనకున్న గ్రీకు మాట, దాని అర్థం, అది ఇంకెక్కడ వచ్చిందో చూపిస్తుంది. ‘వెంటనే’ అనే అర్థమిచ్చే గ్రీకు మాట మార్కులో సుమారు 40 సార్లు వస్తుంది. ఆ సువార్త ఎందుకంత స్పీడుగా పరిగెడుతుందో అప్పుడు అర్థమవుతుంది.

ఇప్పుడు ఇది ట్రై చేయండి. స్ప్లిట్ స్క్రీన్‌లో ఒకవైపు యాప్‌లో మార్కు 4, మరోవైపు బ్రౌజర్‌లో మత్తయి 8 తెరిచి, తుఫాను ఘట్టం చదవండి. మత్తయిలో శిష్యులు రక్షించమని వేడుకుంటారు. మార్కులో మాత్రం, మేం చచ్చిపోతుంటే నీకు పట్టదా అని నిలదీస్తారు. మీ ఎదురుగా ఉద్యోగం పోయినవాడో, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాడో కూర్చుని ఉంటే, అతని మనసులో ఉండే ప్రశ్న కూడా అదే. ఆ ప్రశ్న అడగడం పాపమేమీ కాదు, శిష్యులే అడిగారు అని మీరు చెప్పగలరు. అతని ముఖం చాట్‌బాట్‌కి కనిపించదు కదా!

ఏఐని అసలు ముట్టుకోవద్దని నేననను. సందేహాలు అడగండి, కానీ అది చెప్పిన ప్రతి వచనాన్నీ బైబిల్లో తెరిచి చూసుకోండి. లేని మాటల్ని కూడా ధీమాగా చెప్పేస్తుంది.

మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో 1812లోనే శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. రెండు వందల ఏళ్లు దాటినా, గ్రీకు మాట చూడాలంటే నేను ఇంగ్లిష్ పాఠానికే వెళ్తున్నా. స్టెప్ బైబిల్ కోడ్ ఓపెన్ సోర్సే. కోడింగ్ వచ్చినవాళ్లు ఆ లోటు మీద ఓ చెయ్యి వేయండి.

చివరగా ఒక మాట: వాక్యం చెప్పేముందు ‘డు నాట్ డిస్టర్బ్’ ఆన్ చేయడం మర్చిపోకండి.