రెండో వేసవి దాటే తోట: చర్చి ఆవరణలో స్వచ్ఛంద సేవ, విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

బాన్సువాడ ప్రాంతంలో తొలకరి పడిన తరువాత రెండు రకాల నాట్లు ఒకేసారి సాగుతాయి. ఒకటి పొలంలో వరి నాటు. రెండవది బడి, గుడి, మసీదు, చర్చి ఆవరణల్లో మొక్కల నాటు. మొదటి దానికి విత్తన రకం మొదలుకొని ఎరువు మోతాదు, నీటి యాజమాన్యం వరకు శాస్త్రీయ సలహా అందుతుంది. రెండవ దానికి సాధారణంగా దక్కేది ఉచితంగా ఇచ్చిన మొక్క, నాటిన రోజు తీసిన ఛాయాచిత్రం. ఆ తరువాత మొక్క బతుకు దైవాధీనమవుతుంది. ఈ వ్యత్యాసానికి విస్తరణ వ్యవస్థ కూడా బాధ్యత వహించవలసి ఉంది.

కథోలిక విచారణ దేవాలయం చుట్టూ సంఘస్థులు స్వచ్ఛందంగా పెంచే తోట ఈ విషయాన్ని పరిశీలించడానికి తగిన ఉదాహరణ. అటువంటి ఆవరణకు ప్రహరీగోడ ఉంటుంది. చాలాచోట్ల బోరుబావి ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా ప్రతి ఆదివారం తప్పక వచ్చే మనుషులు ఉంటారు. ప్రేరణకూ కొరత లేదు. పోప్ ఫ్రాన్సిస్ 2015లో వెలువరించిన ‘లౌదాతో సి’ విశ్వలేఖ సృష్టి పరిరక్షణను విశ్వాసుల కర్తవ్యంగా నిర్దేశించింది. అదే సంవత్సరం జూలైలో తెలంగాణ ప్రభుత్వం హరితహారం ప్రారంభించింది. మొక్కలూ, మనుషులూ, ఉత్సాహమూ ఉన్నచోట తోట నిలవకపోతే లోపం భక్తిలో లేదు, పంచాంగంలో ఉంది.

స్వచ్ఛంద సేవకుల జీవన క్రమాన్ని గమనిస్తే ఇది స్పష్టమవుతుంది. 1923–31 మధ్య మంజీరపై నిర్మించిన నిజాంసాగర్ ఈ ప్రాంతాన్ని రెండు పంటల వరి సీమగా మార్చింది. ఇక్కడి సంఘస్థుల్లో రైతులు, కౌలుదారులు, కూలీలు ఎందరో ఉంటారు. జూలైలో వానాకాలం నాట్లు, అక్టోబరు, నవంబరుల్లో కోతలు, డిసెంబరు, జనవరుల్లో యాసంగి నాట్లు, ఏప్రిల్‌లో మళ్లీ కోతలు. మొక్క నాటడానికి అనువైన నెలలోనే మనిషికి తీరిక ఉండదు; మొక్కకు నీరు అత్యవసరమైన వేసవిలో వారి సమయం కల్లాల్లో గడుస్తుంది. అప్పుడు తోట భారమంతా ఇద్దరు ముగ్గురు మహిళలపైనో, ఒక ఉపదేశిపైనో పడుతుంది. వారు అలసిన వారం నుంచి మొక్కలు ఎండటం మొదలవుతుంది. ఎండిన మొక్కను నాటినవారు మరుసటి సంవత్సరం పార పట్టడానికి వెనుకాడతారు. ఒక మొక్క నష్టపోతే ఇంకొకటి తేవచ్చు. సన్నగిల్లిన నమ్మకాన్ని నర్సరీ నుంచి తేలేము.

కాబట్టి విస్తరణ శాస్త్రవేత్త మొదట అడగవలసిన ప్రశ్న ‘ఏ మొక్క అందంగా ఉంటుంది?’ అన్నది కాదు. ‘వారానికి ఒక్కసారి, ఆదివారం మాత్రమే నీరు పోస్తే ఏది బతుకుతుంది?’ అన్నది. దీనిని ఆదివారపు పరీక్ష అనవచ్చు. నల్లరేగడిలో నీటి నిల్వ సామర్థ్యం ఎక్కువ కనుక, పాదుపై ఆచ్ఛాదన ఉంటే, వేప, కానుగ, నేరేడు, ఉసిరి, సీతాఫలం, రేల, దేవకాంచనం వంటివి ఈ పరీక్షలో నెగ్గే అవకాశం ఎక్కువ. చల్కా నేలల్లో తేమ త్వరగా ఆరిపోతుంది. అక్కడ మొక్కల సంఖ్య తగ్గించుకోవాలి, లేదా వారం మధ్యలో మరొక తడి ఇచ్చే మనిషిని ముందుగానే నిర్ణయించుకోవాలి. పచ్చిక బయలు ఈ పరీక్షలో తప్పుతుంది. ఆచ్ఛాదనకు వరిగడ్డికి కొదవలేదు. కోత యంత్రం వదిలిన గడ్డిని తగులబెట్టే బదులు నాలుగు అంగుళాల మందంతో పాదులో పరచి, కాండానికి తగలకుండా కొంత ఎడం ఉంచితే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. చెదల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం.

నీటి లెక్క సైతం కష్టమైనది కాదు. 60 మొక్కలకు వారానికి 15 లీటర్ల చొప్పున 900 లీటర్లు కావాలి. ఫిబ్రవరి నుంచి జూన్ మధ్య వరకు 20 వారాలకు 18,000 లీటర్లు. ఉత్తర తెలంగాణ మండలంలో సగటు వార్షిక వర్షపాతం 900 నుంచి 1150 మిల్లీమీటర్లు. 200 చదరపు మీటర్ల దేవాలయ పైకప్పుపై 900 మిల్లీమీటర్ల వాన కురిసి, అందులో 80 శాతం పట్టగలిగితే 1,44,000 లీటర్లు లభిస్తాయి. అంటే వేసవి అవసరానికి ఎనిమిది రెట్లు. అంతా నిల్వ చేయడం సాధ్యం కాకపోయినా, కొంత తొట్టిలోకి, మిగిలినది బోరు పక్కన ఇంకుడు గుంతలోకి మళ్లించవచ్చు. ఈ గుణకారాన్ని విచారణ గురువు ముందు, సంఘ పెద్దల ముందు కాగితంపై చేసి చూపడమే ఒక మంచి విస్తరణ కార్యక్రమం.

నేల విషయంలోనూ సేవకులకు తెలియని చిక్కులున్నాయి. కట్టడం చుట్టూ ఉన్న మట్టిలో సున్నం, సిమెంటు, ఇటుక ముక్కలు కలిసి ఉదజని సూచిక పెరుగుతుంది. అక్కడ నాటిన మందారం, మల్లె లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మిగతా భాగం పసుపు బారితే అది ఇనుపధాతు లోపం. దానిని నీటి ఎద్దడిగా భావించి మరింత నీరు పోస్తే సమస్య ముదురుతుంది. శిథిలాలను తొలగించి, పశువుల ఎరువు కలిపిన మంచి మట్టితో గుంత నింపడం అసలు పరిష్కారం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదిని, 1 గ్రాము నిమ్మ ఉప్పుతో కలిపి పిచికారీ చేయడం తాత్కాలిక ఉపశమనం. నల్లరేగడిలో పెద్ద వృక్షాలను పునాదికి దగ్గరగా నాటకూడదు. వేర్లు తేమను లాగినప్పుడు నేల కుంచించుకుపోయి గోడలు బీటలు వారవచ్చు. పిల్లలు ఆడుకునే చోట గన్నేరు తగదు; దాని ప్రతి భాగమూ విషపూరితం. వయ్యారిభామను పూతకు రాకముందే, చేతికి తొడుగులు వేసుకొని పీకివేయాలి.

ఇక ప్రార్థనా సంవత్సరాన్ని సేద్యపు పంచాంగంతో జోడించాలి. క్రిస్మస్‌కు బంతిపూలు కావాలంటే ఆగస్టు చివర నారు పోసి, సెప్టెంబరు చివర నాటాలి. చేమంతి పగటి కాలం తగ్గినప్పుడు పూసే మొక్క. జూన్, జూలైల్లో నాటితే డిసెంబరుకు అందుతుంది. మరియమాతకు అంకితమైన మే నెలలో బలిపీఠానికి మల్లెలు కావాలంటే శీతాకాలం చివర కొమ్మలు కత్తిరించాలి. సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 4 వరకు క్రైస్తవ సంఘాలు పాటించే ‘సృష్టి కాలం’ కొత్త మొక్కలు నాటడానికి ఆలస్యమైన సమయం. వానలు వెనుదిరిగేలోగా వేరు లోతుకు దిగదు. ఆ ఐదు వారాలను కలుపు తీయడానికి, పాదులు సరిచేయడానికి, ఆచ్ఛాదన వేయడానికి, మొక్కలను లెక్కించడానికి వినియోగించడం మేలు. దేవాలయంలో పండుగల పట్టిక పక్కన ఈ పట్టిక, దానిలో ఏ వారం ఏ కుటుంబం వంతో ఆ పేరు ఉండాలి. వరి నాట్ల, కోతల వారాల్లో ఆ వంతు పొలం పని లేని కుటుంబాలకు చేరాలి.

ఆరాధనా స్థలాల్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయం పనిచేయడం ఎంతవరకు సమంజసమన్న సందేహం రావచ్చు. సలహా మొక్కకు, నేలకు, నీటికి సంబంధించినది. అడిగిన ప్రతి గుడికీ, మసీదుకూ, గురుద్వారాకూ, చర్చికీ సమానంగా అందితే ఆ సందేహానికి తావు లేదు. ఇథియోపియాలోని దక్షిణ గొందర్ ప్రాంతంలో ఆర్థడాక్స్ చర్చిల చుట్టూ మిగిలిన అడవులను కాపాడటానికి అలెమయెహు వాసియె, మార్గరెట్ లోమన్ అనే శాస్త్రవేత్తలు పూజారులతో కలిసి పనిచేశారు. అడవులు కుంచించుకుపోతున్న తీరును ఆకాశ చిత్రాల్లో చూపారు. పశువులు మొలకలను తినివేయకుండా చుట్టూ రాతిగోడ కట్టే పనిని సంఘాలే స్వీకరించాయి. శాస్త్రం సమస్యను కళ్లకు కట్టింది. కాపలా బాధ్యత సమాజం తీసుకుంది. ఆ పని విభజన ఇక్కడా అనుసరణీయమే.

ఆచరణకు కొత్త పథకం అవసరం లేదు. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో గ్రామాలకు వెళ్లే చివరి సంవత్సరం విద్యార్థుల బృందానికి ఒక్కొక్క ఆరాధనా ఆవరణను అప్పగించవచ్చు. మట్టి నమూనా, నీటి లెక్క, మొక్కల ఎంపిక, వంతుల పట్టిక వారి పని. బృందం వెళ్లిపోయినా పని ఆగకుండా ఆ నమోదు పుస్తకం తరువాతి బృందానికి, సమీప కృషి విజ్ఞాన కేంద్రానికి చేరాలి. మూల్యాంకనం మాత్రం నాటిన సంఖ్యపై కాక, రెండో వేసవి తరువాత మిగిలిన సంఖ్యపై జరగాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 పురపాలక చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని నిర్దేశించాయి. చట్టం బతికిన మొక్కను లెక్కిస్తున్నప్పుడు విశ్వవిద్యాలయ నివేదికలు నాటిన మొక్క వద్దే ఆగిపోవడం సమర్థనీయం కాదు.

ఆరాధనకూ, లెక్కకూ పొంతన కుదరదని ఎవరైనా భావిస్తే వారికి వ్యవసాయ విద్యార్థులందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. 1856 నుంచి 1863 వరకు బ్రనో నగరంలోని కథోలిక మఠం తోటలో గ్రెగర్ మెండెల్ బఠాణీ మొక్కలను తరం తరువాత తరం ఓపికగా లెక్కించాడు. విచారణ దేవాలయపు తోట నుంచి అంతటి సిద్ధాంతాన్ని ఎవరూ ఆశించరు. నాటినవి ఎన్ని, నిలిచినవి ఎన్ని, పోయినవి ఎందుకు పోయాయి అన్న మూడు అంకణాల పుస్తకం ఒకటి ఉంటే చాలు. ఆ పుస్తకం తెరవడంలో సంఘస్థులకు తోడుగా నిలవడం విస్తరణ శాస్త్రవేత్త పని.