గాజుతీగకు రెండో దారి

తుపాను తీరం దాటుతోందంటే మన ఉత్తరాంధ్రలో ముందు పోయేది కరెంటు, దాని వెనకే నెట్టు. రెండు తీగలూ ఒకే స్తంభం మీద ఉన్నప్పుడు స్తంభం ఒరిగితే రెండూ ఒరుగుతాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఎన్ని స్తంభాలు కూల్చాయో ఇక్కడి వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

నెట్టు తీగకు కరెంటు స్తంభాన్ని ఎంచుకోవడం తప్పని నేననను. 2015లో పుట్టిన ఏపీ ఫైబర్‌నెట్ రాష్ట్రమంతా కాలవలు తవ్వుకుంటూ వెళ్లుంటే ఏళ్లు పట్టేది. స్తంభాల మీదుగా లాగబట్టే 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేత ప్రారంభం చేయించి, నెలకు 149 రూపాయలకే నెట్టూ టీవీ ఫోనూ ఇవ్వగలిగింది. ఫైబర్‌లోని గాజుపోగులో పారేది వెలుగు కాబట్టి పక్కన హైటెన్షన్ తీగ ఉన్నా దానికేమీ అంటదు. మన బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లోని ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమలకు పనికొచ్చే గుణం కూడా ఇదే. వేల ఆంపియర్లు పారే కొలిమి పక్కన రాగితీగలో సంకేతం చెదిరిపోతుంది, ఫైబర్‌లో చెదరదు. ఆసుపత్రిలో ఉచిత వైద్యానికి అనుమతి, బ్యాంకులో చెల్లింపు, సచివాలయంలో సర్టిఫికెట్ అన్నీ నెట్టు మీదే నడుస్తున్నాయి. చాలా సెల్‌టవర్ల వెనక ఉన్నదీ ఫైబరే.

తెగిన కేబుల్‌ను అతకడం చూస్తే ఆ పని విలువ తెలుస్తుంది. జెల్లీ తుడిచి, నీలానికి నీలం, ఆకుపచ్చకు ఆకుపచ్చ జత చూసుకుని, పైపూత ఒలిచి, స్పిరిట్‌తో శుభ్రం చేసి, కొసను నున్నగా తెంచి స్ప్లైసింగ్ మెషిన్‌లో పెడతారు. పోగు మందం 125 మైక్రాన్లు, దాదాపు తలవెంట్రుకంత. వెలుగు పారేది అందులో 9 మైక్రాన్ల నడిమి భాగంలోనే. మెషిన్‌లో మెరుపు ఒక్క క్షణం వెలిగి రెండు కొసలనూ కరిగించి కలుపుతుంది. దుమ్ము రేణువు పడిందా, మళ్లీ మొదటికి. 24 పోగుల కేబుల్ అయితే 24 సార్లు, అదీ వానలో, రోడ్డు పక్కన, టార్పాలిన్ కింద. కేబుల్ అతికే ఈ కుర్రాళ్ల పనితనాన్ని మన ఐటీఐలు శ్రద్ధగా నేర్పాలి, కాంట్రాక్టర్లు తగిన కూలీ ఇవ్వాలి. కానీ ఊరికి కేబుల్ వచ్చే దారి ఒక్కటే అయితే ఎంత నేర్పున్నవాడైనా తెగినచోటు దొరికి, అతికేదాకా ఊరు ఆగాల్సిందే.

అందుకే రెండో దారి కావాలి. బొబ్బిలి జంక్షన్ విజయనగరం–రాయగడ లైను మీద ఉంది, సాలూరు లైను ఇక్కడే చీలుతుంది. పట్టాల వెంట ఫైబర్ వేయడం రైల్వేకి కొత్త కాదు, ఆ పనికే 2000లో రైల్‌టెల్ ఏర్పడింది. రోడ్డు వెంట స్తంభాల మీద ఒకటి, పట్టాల వెంట భూమిలో ఒకటి ఉండేలా రెండింటినీ రింగుగా కలిపితే, ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి నడుస్తుంది. విశాఖలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడతామని, సముద్రగర్భ కేబుళ్లను అక్కడ ఒడ్డుకు చేరుస్తామని 2025 అక్టోబర్‌లో గూగుల్ ప్రకటించింది. మంచిదే. అంత వైభవం తీరానికి వస్తున్నప్పుడు, ఇటు బొబ్బిలి ఆసుపత్రికి రెండు దారులు అడగడం అత్యాశ కాదు.

జిల్లా యంత్రాంగం, ఫైబర్‌నెట్, రైల్వే ఒక్కచోట కూర్చుంటే తేలే విషయం ఇది. ముందు ఆసుపత్రి, సబ్‌స్టేషన్, తహశీల్దార్ కార్యాలయం, ఆ తర్వాత గ్రోత్ సెంటర్. మన తీరాన్ని పెద్ద తుపాన్లు తాకేది ఎక్కువగా అక్టోబర్, నవంబర్ నెలల్లో. కాబట్టి తవ్వకం పని వేసవిలోనే ముగించాలి.

— వేగావతి