అది తుక్కు కాదమ్మా!

మగవాళ్ళు ఇనపసామాను ఇంటికి మోసుకొస్తే మనకి ఒళ్ళు మండుతుంది. నాకూ మండేది. అందుకని ఇది చదివి, “ఈవిడకేం వచ్చింది, మగవాళ్ళ పార్టీలో చేరిపోయింది!” అనుకోకండి. నేను వాళ్ళ పక్షం కాదు, బండి పక్షం.

అమెరికాలో, ఒహాయోలో వున్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పటి సంగతి. ఇంటి చుట్టూ ఎకరం పైచిలుకు గడ్డి. కోయక తప్పదు. షెడ్డులో చూద్దును కదా, పసుపూ తెలుపూ రంగులు వెలిసిపోయిన బుల్లి ట్రాక్టరొకటి! “అమ్మా, నువ్వైనా చెప్పవే, ఆ తుక్కు పారెయ్యమని. నా మాట వినరు” అంది మా అమ్మాయి. సరే, చెబుదామనే వెళ్ళాను. చెప్పకుండా తిరిగొచ్చాను.

దాన్ని అక్కడ గార్డెన్ ట్రాక్టర్ అంటారు. పేరు కబ్ కాడెట్. పెద్ద ట్రాక్టర్లు చేసిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1961లో కెంటకీలోని లూయీవిల్ ఫ్యాక్టరీలో మొదలుపెట్టిన బండి. కోలర్ కంపెనీ పోత ఇనుము ఇంజను, 7 గుర్రాల బలం. గడ్డి కోసేదొక్కటే కాదు సుమండీ! కింద కత్తుల డెక్కు తీసేసి వెనక నాగలి తగిలిస్తే కూరమడి దున్నుతుంది. ముందు పలక బిగిస్తే మంచు తోస్తుంది. ఇది ఇప్పుడు అరవై ఏళ్ళు దాటిన ముసలిది, కానీ తాడు లాగగానే దగ్గుతూనైనా లేస్తుంది.

మరి మా అమ్మాయి కొనిపించిన కొత్త బండి ఏమయిందంటారా? ఏ కంపెనీదో పేరు అనవసరం. ఆరేళ్ళకి ముందుకి కదలడం మానేసింది. చక్రాల్ని తిప్పే గేరుపెట్టె పోయిందన్నారు. లోపలి భాగాలు విడిగా అమ్మరట, పెట్టె మొత్తం మార్చాలట! దాని ధర వింటే, ఇంకొంచెం వేసుకుంటే కొత్త బండే వస్తుంది కదా అనిపించేలా వుంది. అనిపించాలనే ఆ ధర పెట్టారు కాబోలు. ఆరేళ్ళ పిల్ల తుక్కులోకి వెళ్ళింది, అరవై ఏళ్ళ ముసలిది షెడ్డులో వుంది. ఇప్పుడు చెప్పండి, తుక్కు ఏది?

“ఇంత పాతదానికి సామాన్లెక్కడ దొరుకుతాయి నాయనా?” అని అడిగాను మా అల్లుణ్ణి. “పాతది కాబట్టే దొరుకుతాయండీ అత్తయ్యగారూ” అన్నాడు. నవ్వొచ్చింది గానీ, చూపించాక నోరు మూసుకున్నాను. బేరింగు మీద నంబరు చెక్కి వుంటుంది. ఆ నంబరు పట్టుకెళితే ఏ బేరింగుల కొట్లోనైనా ఇస్తాడు, ట్రాక్టరు పేరే చెప్పక్కర్లేదు. ఆయిల్ సీలూ అంతే. ఇంజను సిలిండరు అరిగితే మళ్ళీ బోరు కొట్టించి, కాస్త పెద్ద సైజు పిస్టన్ వేస్తారు. అలా వేసుకునే వీలు పుట్టినప్పుడే పెట్టారు. ఆ కోలర్ ఇంజన్లు లెక్కలేనన్ని చోట్ల వాడారు గనక పాయింట్లు, కండెన్సర్, గాస్కెట్లు ఇప్పటికీ వేరేవాళ్ళు తయారుచేసి అమ్ముతున్నారు. ఒక్కటే షరతు. ఇంజను మీది రేకులో వున్న మోడల్, స్పెసిఫికేషన్, సీరియల్ నంబర్లు మూడూ రాసుకుని వెళ్ళాలి. జాకెట్టు గుడ్డకి మ్యాచింగు వెతికేటప్పుడు చీర వెంట తీసుకెళ్ళమూ? అలాగన్నమాట. బెల్టు దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. కారు బెల్టు అదే కొలతకి చవగ్గా దొరికిందని వేస్తే జారుతుంది, మాడుతుంది.

అసలు చిక్కు బండితో కాదు, దాని తగిలింపులతో. నాగలీ పలకా డెక్కూ బండి నుంచి విడిపోయి, ఏ పాకలోనో తుప్పుపట్టి, ఇల్లు సర్దేవాళ్ళ చేతిలో ముందుగా పోయేవి అవే. సర్దేది ఎవరంటే, మనమే! పైగా ఒక కాలం బండి డెక్కు ఇంకో కాలం బండికి మార్పులు చెయ్యకుండా తగలదు. అందుకే పాత బండి కొనేటప్పుడు తగిలింపులు కూడా అడిగి పుచ్చుకోవాలి. తరవాత వెతికితే బండి కన్నా నాగలే ప్రియం కావచ్చు.

“బాగుచేయించే టైమెవరికుంది?” అంటారు. మన వీధుల్లో రోళ్ళకి గంట్లు కొట్టేవాడు అరుచుకుంటూ వచ్చేవాడు, గుర్తుందా? మనమేమైనా పప్పు సరిగా నలగడం లేదని రోలు పారేశామా? కుక్కరుకి రబ్బరు పోతే రబ్బరే కొంటాం, కుక్కరు కొనం. ఆ పాటి న్యాయం బండికీ చెయ్యమంటున్నాను.

అలాగని మా అల్లుడు చేసేదంతా ఒప్పని కాదు. విడిభాగాల కోసమని ఇంకో పాత బండి కొన్నాడు. ఒకటైతే సరే, రెండోదాని మీద కన్ను పడింది, అక్కడ నేను మా అమ్మాయి వైపే. ఇంకో మాట. కొత్త బండిలో సీటు మీంచి లేస్తే కత్తులు ఆగిపోతాయి, ఆ పాతదానికి ఆ ఏర్పాటు లేదు. పిల్లలు తిరిగే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. మనవరాలు ఇంట్లోకి వెళ్ళేదాకా ఇంజను తియ్యకూడదని నేనే ఆర్డరు వేశాను, అమలవుతోంది.

కానీ “పారేసి కొత్తది కొనండి” అన్న మాట మాత్రం నేనొప్పుకోను. దాన్ని మన నోట పలికిస్తున్నది అమ్మేవాళ్ళు. రైతు తన ట్రాక్టరు తనే బాగుచేసుకోవడానికి కావలసిన పుస్తకాలూ భాగాలూ పనిముట్లూ కంపెనీలు ఇవ్వాలని కొలరాడో రాష్ట్రంలో 2023లో చట్టం చెయ్యాల్సి వచ్చిందంటే, ఎంత బిగించి కూచున్నారో చూడండి! మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022లో బాగుచేయించుకునే హక్కు మీద కమిటీ వేసింది. సెల్‌ఫోన్లూ ఇంట్లో వస్తువులూ వాహనాలతోపాటు వ్యవసాయ యంత్రాలూ అందులో వున్నాయి. ఏడాది చివర్లో దానికోసం పోర్టల్ కూడా పెట్టారు. మన చేతిలో అంతకన్నా సులువైన ఆయుధం ఒకటుంది. మిక్సీ గానీ గ్రైండర్ గానీ కొనేముందు, “దీని భాగాలు విడిగా ఇస్తావా? ఎన్నేళ్ళు ఇస్తావు?” అని కొట్టువాణ్ణి అడగండి. రంగూ, డిస్కౌంటూ ఆ తరవాత.

ఒక్క తగాదా మిగిలిపోయింది. డెక్కు కింద తడిగడ్డి అంటుకుని ఎండితే ఆ చెమ్మకి రేకు తుప్పుపట్టి చిల్లులు పడుతుంది, అందుకని వారం వారం గీకెయ్యాలట. దానికి నేను ఇండియా నుంచి తీసుకెళ్ళిన, మా అమ్మనాటి ఇనప అట్లకాడ అడిగాడు మా అల్లుడు. “ఇవ్వను నాయనా, దానికి స్పేరు దొరకదు” అన్నాను.