పిల్లల్ని ఉద్యమానికి తీసుకెళ్లాలా?

"పిల్లలకు రాజకీయాలెందుకండీ, వాళ్లను చదువుకోనివ్వండి" అనే మాట ఈ మధ్య తరచుగా వింటున్నాను. ధర్నా టెంటులో ఒళ్లో పిల్లను పెట్టుకుని కూర్చున్న తల్లి ఫొటో కనబడితే చాలు, మా బంధువుల వాట్సాప్ గ్రూపులో అదే చర్చ. ఆ తల్లికి బాధ్యత లేదని ఒకరు, ఫొటో కోసమే తెచ్చిందని ఇంకొకరు.

ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. 2011 సంవత్సరమంతా మా ఇల్లు తెలంగాణ ఉద్యమంలోనే గడిచింది. అప్పుడు మా అమ్మాయి ఎనిమిదో తరగతి, బాబు నాలుగో తరగతి. మా ఆయన సర్కారు బడి పంతులు. బాన్సువాడలో ఆ రోజుల్లో పిల్లల్ని తీసుకెళ్లాలా వద్దా అని తీరిగ్గా ఆలోచించే వీలు ఎవరికీ లేదు. జెండా పట్టుకుని బయటికి పోకపోయినా ఉద్యమమే గడప దాటి లోపలికి వచ్చేది. బస్సులు లేవు, బడి లేదు, ఒక నెల జీతమూ రాలేదు. అలాంటప్పుడు "ఇది పెద్దవాళ్ల సంగతి, నువ్వు హోంవర్క్ చేసుకో" అంటే పిల్లలు వింటారా?

అందుకే నా మాట ఇది: తీసుకెళ్లాలి. అయితే నినాదాలు నేర్పడానికి కాదు, ప్రశ్నలు అడగడం నేర్పడానికి. పోలీసులు లాఠీలు పట్టుకుని నిలబడే చోటికి మాత్రం వద్దు. మార్చి 10న ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్ జరిగినప్పుడు పిల్లలు ఇంట్లోనే ఉన్నారు, టీవీలో చూశారు. ఆ రోజు విగ్రహాలు కూలాయి. శ్రీశ్రీ, జాషువా, అన్నమయ్య. "అమ్మా, జాషువా మా తెలుగు పుస్తకంల ఉన్నడు గదా, ఆయనేం చేసిండు?" అని మా అమ్మాయి అడిగింది. కోపం ఎందుకు వచ్చిందో చెప్పాను. ట్యాంక్‌బండ్ మీద మన ప్రాంతం వాళ్లకు చోటు తక్కువ దొరికిందన్న బాధ నిజమేనని చెప్పాను. ఆ బాధకు జాషువా బాధ్యుడు కాడని కూడా చెప్పాను. రెండూ ఒకేసారి చెప్పడం కష్టమే. కానీ పిల్లలకు చెప్పాల్సింది ఆ రెండూ కలిపే. ఒకటే చెబితే అది ప్రచారమైపోతుంది.

ఆ ఏడాది జనవరి 6న శ్రీకృష్ణ కమిటీ నివేదిక బయటపెట్టారు. ఆరు మార్గాలు సూచించారు. ఆరింటినీ మా ఆయన ఇంట్లో బోర్డు మీద రాసి పిల్లలకు చెప్పారు. ఫిబ్రవరిలో సహాయ నిరాకరణ, మార్చి 1న రైల్ రోకో. మా ఊరికి రైలే లేదు కాబట్టి రైలు ఆపాలన్నా బాన్సువాడ వాళ్లు వేరే ఊరికి పోవాల్సిందే. ఇది ఇంట్లో పెద్ద జోకు. తర్వాత సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలై 42 రోజులు నడిచింది. సింగరేణి కార్మికులు, ఆర్టీసీ, ఉపాధ్యాయులు, ఉద్యోగులు అందరూ దిగారు. ఆ సమ్మె నడుమనే బతుకమ్మ వచ్చింది, దసరా వచ్చింది, అక్టోబర్‌లో మా బాన్సువాడ ఉప ఎన్నికా వచ్చింది.

మాలాంటి ఇల్లాళ్లకు ఆ ఉద్యమంలో బాగా దగ్గరైంది వంటా వార్పు. రోడ్డు మీద పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తినడం. ఇంట్లో రోజూ చేసే పని, ఎవరూ పనిగా లెక్కపెట్టని పని, నడిరోడ్డు మీద చేస్తే నిరసన అయింది. మా అమ్మాయి ఉల్లిగడ్డలు కోసింది, బాబు విస్తర్లు వేశాడు. తిన్న తర్వాత గంజులు కడగడానికి మాత్రం మళ్లీ మేమే మిగిలాం. "బాపూ, రోడ్డు మీద గూడ అమ్మనే కడుగుతదా?" అని మా అమ్మాయి అందరి ముందు అడిగేసింది. మా ఆయనతో పాటు మరో ఇద్దరు సార్లు లేచి వచ్చి గంజులు పట్టారు. ఆ ప్రశ్న ఇంట్లో ఎన్నిసార్లు అడిగినా రాని ఫలితం అక్కడ వచ్చింది. ఆడపిల్లను నలుగురిలోకి తీసుకెళ్లడం వల్ల ఇదొక లాభం.

ఇక నినాదాల సంగతి. మా ప్రాంతం గురించి తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. నిజాంసాగర్ కాలువలు పారడం మొదలయ్యాక కోస్తా జిల్లాల నుంచి రైతు కుటుంబాలు వచ్చి ఇక్కడ భూములు కొని స్థిరపడ్డాయి. వాళ్లున్న ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. మూడు తరాలుగా ఇక్కడే ఉన్నారు. వరి నాట్ల కాలంలో వాళ్ల పొలాలకు మన కూలీలు పోతారు, మన పెండ్లిళ్లకు వాళ్లొస్తారు. మా అమ్మాయి పక్కన బెంచీలో కూర్చునే పిల్ల ఒక క్యాంపు నుంచే వచ్చేది. ఊరేగింపులో "ఆంధ్రోళ్లు" అని మొదలయ్యే నినాదం వస్తే మా పిల్ల నోరు మూసుకునేది. ఎందుకని నేను అడగలేదు, నాకు తెలుసు.

అప్పుడు మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. ప్రభుత్వాన్ని తిట్టవచ్చు, నాయకుల్ని నిలదీయవచ్చు, నీళ్ల లెక్క, ఉద్యోగాల లెక్క అడగవచ్చు. మనుషుల్ని పుట్టిన చోటును బట్టి తిట్టే నినాదం మన నోట రాకూడదు. దీన్ని పిరికితనం అన్నవాళ్లు ఉన్నారు. రాష్ట్రం వచ్చాక కూడా అదే ఊళ్లో, అదే కాలువ కింద ఆ కుటుంబాలతోనే బతకాలన్న ఇంగితం అది. రాష్ట్రం వచ్చింది. క్యాంపులు అలాగే ఉన్నాయి. ఆ స్నేహమూ నిలిచింది.

ఆ సంవత్సరం మేం తిరిగిన తిరుగుడు కూడా ఇందులో భాగమే. మామూలుగా సెలవులంటే అమ్మమ్మ ఊరు, లేదంటే బాసర. ఆ వేసవిలో మాత్రం మంజీర వెంట తిరిగాం. ఉద్యమమంతా నీళ్లు, నిధులు, నియామకాల మీదే నడుస్తోంది కదా. నిధులూ నియామకాలూ పిల్లలకు చూపించలేం, నీళ్లు చూపించవచ్చని మా ఆయన ఆలోచన.

మొదట నిజాంసాగర్. 1923లో మొదలుపెట్టి 1931 నాటికి పూర్తి చేశారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో కట్టింది. ఆయన పుట్టినరోజు జులై 11నే ఇప్పుడు తెలంగాణ ఇంజనీర్స్ డేగా జరుపుకుంటున్నాం. కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టేది, 2.75 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలని లెక్క. పూడిక నిండుతూ పోయింది, ఇప్పుడు చెప్పే లెక్క 17.8 టీఎంసీలు. కట్ట మీద నిలబడి చూస్తే ఎండాకాలంలో నీళ్లకంటే నేలే ఎక్కువ కనబడింది.

"మన నీళ్లు ఎవరు ఎత్కపోయిన్రు?" అని బాబు అడిగాడు. ఊరేగింపులో విన్న జవాబు వాడి నోట సిద్ధంగానే ఉంది. వాణ్ని సింగూరు తీసుకెళ్లాం. అదే మంజీర మీద, నిజాంసాగర్‌కు ఎగువన, అప్పటి మెదక్ జిల్లాలో కట్టిన ప్రాజెక్టు. దాదాపు 30 టీఎంసీలు పడుతుంది. అక్కడి నుంచి నీళ్లు పైపుల్లో హైదరాబాద్‌కు తాగడానికి పోతాయి. మా మరిది కుటుంబం ఉండేది హైదరాబాద్‌లోనే. అంటే బాన్సువాడ పొలానికి రాని నీటిలో కొంత వాడి చిన్నాన్న ఇంటి నల్లాలో వస్తోంది. బాబు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి చిన్నాన్న దొంగనా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ మంచి ప్రశ్న అది. తాగేవాడు దొంగ కాదు, రైతుకు ఎంత, పట్నానికి ఎంత అని ముందే తేల్చకుండా, కింద ఉన్నవాణ్ని అడగకుండా పంచడం తప్పు అని చెప్పాం. దీన్ని ఏ నినాదంలోనూ ఇరికించలేం. ఆ నది మహారాష్ట్రలో పుట్టి, కర్ణాటక మీదుగా వచ్చి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మనకు ఎగువన ఒకరు, మన దిగువన ఇంకొకరు ఎప్పుడూ ఉంటారు. కందకుర్తి కూడా పోయి ఆ సంగమంలో కాళ్లు తడుపుకుని వచ్చాం.

అక్కడికి పోతూ బోధన్‌లో నిజాం షుగర్స్ చూపించాం. 1930ల చివర్లో మొదలైన ఫ్యాక్టరీ. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లు. మా అత్తమ్మ వాళ్ల పుట్టింటి చెరుకు బండ్లు అక్కడికే పోయేవి. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది. తెలంగాణ వస్తే దాన్ని మళ్లీ సర్కారే నడుపుతుందని ఊరూరా అన్నారు. తెలంగాణ 2014 జూన్ 2న వచ్చింది. ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, పిల్లలకు జెండా మీద ప్రేమ నేర్పితే ఇలాంటి రోజున వాళ్లు రెండే పనులు చేయగలరు. జెండాను వెనకేసుకు రావడం, లేదంటే అంతా మోసమని విసిగిపోవడం. సమస్య నేర్పితే మూడో పని చేస్తారు, మళ్లీ అడుగుతారు. మా నియోజకవర్గాన్నే చూడండి. పోచారం శ్రీనివాసరెడ్డి గారు తెలుగుదేశానికీ పదవికీ రాజీనామా చేసి, 2011 ఉప ఎన్నికలో టీఆర్ఎస్ నుంచి గెలిచారు. రాష్ట్రం వచ్చాక వ్యవసాయ మంత్రి అయ్యారు, స్పీకర్ అయ్యారు, 2024లో కాంగ్రెస్‌లో చేరారు. నాయకుల దారి నాయకులది. పిల్లవాడి మనసును ఒక కండువాకు ముడివేస్తే, ఆ కండువా మారిన రోజు వాడికేం చెబుతాం?

ఇప్పుడు చదువు నష్టం సంగతి. దాదాపు నెల రోజులు సర్కారు బడులు మూతపడ్డాయి. మా పిల్లలకు ఇంట్లోనే సారు ఉన్నాడు. కూలికి పోయేవాళ్ల పిల్లలకు? బడి మూస్తే పాఠం ఒక్కటే పోదు, మధ్యాహ్న భోజనం కూడా పోతుంది. ఉద్యమంలో నష్టం అందరికీ సమానం అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. జీతగాడికి ఆగిన జీతం ఎప్పటికైనా వస్తుందన్న ఆశ ఉంటుంది. పిల్లవాడికి తప్పిన పూట అన్నం తిరిగి రాదు. ఆ రోజుల్లో మా వాకిట్లో గల్లీ పిల్లల్ని కూర్చోబెట్టి మా ఆయన లెక్కలు చెప్పేవారు, నేనూ పక్కింటి వదినా కలిసి కిచిడీ వండేవాళ్లం. అది గొప్ప కాదు, మా గల్లీలోని పన్నెండు మందికి మాత్రమే సరిపోయింది. కానీ సమ్మె అంటే ఎవరు ఎంత మోస్తున్నారో మా పిల్లలు కళ్లారా చూశారు. సమ్మె పిలుపు ఇచ్చే ఏ సంఘమైనా ముందు ఈ పిల్లల కంచం గురించి ఒక ఏర్పాటు చేసుకోవాలని నేను ఇప్పటికీ అంటాను.

చివరిగా చెప్పాల్సింది అన్నిటికంటే బరువైనది. మాకు దగ్గరలోని కామారెడ్డిలో 2009 డిసెంబర్ 1న కానిస్టేబుల్ కిష్టయ్య ఉద్యమం కోసం ప్రాణం తీసుకున్నాడు. రెండు రోజులకు శ్రీకాంతాచారి పోయాడు. ఆ తర్వాత ఎందరో పిల్లలు. 2011లో ప్రతి సభలో వాళ్ల ఫొటోలు, వాళ్ల మీద పాటలు. పాట వింటే ఎవరికైనా కన్నీళ్లొస్తాయి. పద్నాలుగేళ్ల పిల్ల ఆ పాటను ఎలా వింటుందో తల్లికి భయం ఉండదా? ఒకరోజు సభ నుంచి వచ్చాక మా అమ్మాయిని కూర్చోబెట్టి సూటిగా చెప్పాను: "వాళ్ల త్యాగానికి దండం పెడదాం. కానీ వాళ్లు బతికుంటే ఉద్యమానికి ఇంకా బలం. తెలంగాణ వచ్చిననాడు చూడనీకి నువ్వుండాలె. నీకెప్పుడన్న మనసు బరువైతే ముందుగాల నాకు చెప్పాలె." ఆ పిల్ల "నేనెందుకు పోతనమ్మా" అని విసుక్కుంది. విసుక్కున్నా సరే. ఉద్యమానికి పిల్లల్ని తీసుకెళ్లే ప్రతి తల్లీ తండ్రీ ఈ మాట ఒకసారి కాదు, పదిసార్లు చెప్పాలి. వేదిక మీద మాట్లాడేవాళ్లు చెప్పరు, పాట పాడేవాళ్లు చెప్పరు. ఆ పని మనదే.

పిల్లల్ని దూరంగా ఉంచితే వాళ్లకు రాజకీయాలు తెలియకుండా పోవు. ఫోన్లో తెలుస్తాయి, ఎవరి నోటనో తెలుస్తాయి, అప్పుడు పక్కన మనం ఉండం. అందుకే రేపు మీ ఊళ్లో రోడ్డు కోసమో, బడి కోసమో, మద్యం దుకాణం వద్దనో నలుగురు కూర్చుంటే మీ పిల్లల్నీ తీసుకెళ్లండి. ఒక పూట చాలు. నినాదం ఇవ్వమని అడగకండి. ఎవరెవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు అని చూడమనండి. ఇంటికొచ్చాక వాళ్లడిగే ప్రశ్నలకు అన్నం పెట్టుకుంటూ ఓపిగ్గా జవాబు చెప్పండి.