మంచునేల మీద నీలినీడలు

ఇంప్రెషనిజం బూర్జువాల కంటివిలాసమని మన మిత్రులు కొందరు యిప్పటికీ తీర్పు చెబుతున్నారు. అందులో వస్తువు లేదట, వున్నదల్లా రంగూ వెలుతురూనట! యీ తీర్పును నేను అంగీకరించను. ఒక్క పటాన్ని ముందుపెట్టుకొని వాదిస్తాను.

కమీ పిసారో 1873లో వేసిన 'తెల్లమంచు' పారిస్‌లోని ఒర్సే మ్యూజియంలో వుంది. దున్నిన చేను, దానిమీద పేరిన మంచు, వాలుగా పోయే బాట, కట్టెలమోపు వీపున మోస్తూ నడిచే రైతు. పటంలో వున్నది యింతే. అయితే ఆ మంచు వట్టి తెలుపు కాదు. పసుపు, ఆకుపచ్చల నడుమ నీలిగా మెరుస్తుంది. నీడలూ నీలమే. ఆ నీడలు పడే చెట్లు చట్రానికి వెలుపలే వుండిపోయాయి. రంగు నునుపుగా పూసింది కాదు. మందంగా, గరుకుగా, చాళ్ళు సాగిన దిక్కుకే కుంచె సాగింది.

1874లో జరిగిన మొదటి ఇంప్రెషనిస్టు ప్రదర్శనలో యీ పటాన్ని చూసి లూయీ లెరోయ్ 'ల షారివారి' పత్రికలో ఎగతాళి చేశాడు: మురికిగుడ్డ మీద గీకివేసిన రంగుపెచ్చులట! కాస్తానియరీ అనే విమర్శకుడేమో చట్రంలో లేని చెట్లకు నీడలు వేయడం పెద్ద తప్పన్నాడు. వీరికి మింగుడుపడనిదేమిటి? అకాడమీ నేర్పిన నునుపు, చిత్రకారుని శ్రమజాడను చెరిపివేస్తుంది. పిసారో నాగలిజాడను నేలమీదా, కుంచెజాడను గుడ్డమీదా దాచకుండా వుంచాడు. రైతును దేవుణ్ణీ చేయలేదు, జాలిబొమ్మనూ చేయలేదు. యిది వస్తువు కాదా?

ఆ వెలుతురు ఆకాశంనుంచి వూడిపడలేదు. తగరపు గొట్టంలో రంగు నింపే పద్ధతికి జాన్ రాండ్ 1841లో పేటెంటు పొందాడు. రంగుపెట్టె పొలానికి వెళ్ళడం సులువైంది. ఖరీదైన రాతినీలానికి బదులు కృత్రిమనీలం 1820లలోనే తయారైంది. గోబెలిన్ అద్దకశాలలో పనిచేసిన షెవ్రెల్, పక్కపక్కన వున్న రంగులు ఒకదాన్నొకటి ఎట్లా మారుస్తాయో 1839లో గ్రంథం రాశాడు. ఉత్పత్తిశక్తులను గురించి నిత్యం మాట్లాడే మనకే యీ చరిత్ర పట్టకపోవడం వింత.

"రంగు చాలు, రైతెందుకు?" అనే శుద్ధకళావాదులతోనూ నాకు పేచీయే. ఆ మోపు బరువును తీసివేస్తే ఆ చలి కూడా పోతుంది.

పిడివాదం ఖరీదు తెలియాలంటే మాస్కో చూడండి. షూకిన్, మొరోజోవ్ అనే ధనికుల చిత్రసేకరణలను విప్లవప్రభుత్వం 1918లో జాతీయం చేసింది. ఆ పటాలున్న నవ్య పాశ్చాత్య కళా మ్యూజియాన్ని 1948లో రూపవాదానికి నిలయమంటూ మూసివేశారు. పటాలను రెండు మ్యూజియాలకు పంచారు. వాటిలో చాలా భాగం ఏళ్ళతరబడి గోదాముల్లో మగ్గాయి. ధనికుని గోడమీదినుంచి ప్రజలకు దక్కినదాన్ని ప్రజల పేరుతోనే దాచిపెట్టారు!

ఉపాధ్యాయమిత్రులకు నా విన్నపం ఒకటే. విద్యార్థికి ముందు పటం చూపండి, నీడ యే రంగులో వుందో అడగండి. వర్గస్వభావాన్ని గురించిన చర్చ ఆ తరువాత చేద్దాం. చూడకుండా చెప్పిన తీర్పు యే వర్గానికీ పనికిరాదు.