ధూళితెర, అవిద్యాతెర

కాకతి రుద్రదేవుడు 1163లో హనుమకొండలో నిర్మింపజేసిన వేయిస్తంభాల గుడి త్రికూటాలయం. శివకేశవులతో పాటు సూర్యభగవానునికీ అక్కడ గర్భాలయం ఏర్పడింది. అటువంటి ఓరుగల్లులో సూర్యసదృశములైన నక్షత్రాల జన్మను గూర్చి చర్చ సాగడం ఉచితమే. అయితే సమీప గెలాక్సీలలో తారాజననాన్ని ధూళి కప్పివేస్తున్నదని ఖగోళశాస్త్రం చెప్పగానే, "అదే మన ఆవరణశక్తి, ఋషులు ఏనాడో చెప్పారు" అని వేదికలపై చప్పట్లు కొట్టించుకోవడం మాత్రం ఉచితం కాదు. అందువల్ల శాస్త్రానికి మేలు లేదు, వేదాంతానికి గౌరవమూ లేదు.

వేదాంతసారంలో సదానందుడు చూపిన దృష్టాంతం ప్రసిద్ధం. అల్పమైన మేఘం విశాలమైన సూర్యమండలాన్ని కప్పినట్లు తోస్తుంది. నిజానికి అది కప్పేది చూచేవాని దృష్టిపథాన్ని. సూర్యునికి లోటేమీ లేదు. నక్షత్రధూళి సంగతి వేరు. అది కర్బన, సిలికేట్ సూక్ష్మకణాల సముదాయం; ఒక్కొక్క కణం సాధారణంగా మిల్లీమీటరులో వెయ్యవ వంతుకన్న చిన్నది. నవజాత మహానక్షత్రాలు వెదజల్లే అతినీలలోహిత కిరణాలను అది నిజంగానే మ్రింగుతుంది, వేడెక్కుతుంది, ఆ శక్తిని పరారుణ కిరణాలుగా తిరిగి వెలువరిస్తుంది. ఇదే విక్షేపమని కొందరు అనవచ్చు. కాని విక్షేపం లేనిదానిని చూపుతుంది. పరారుణం ఉన్నదానినే తెలుపుతుంది.

సంప్రదాయం ఇక్కడ నిజంగా ఉపకరించేది తర్కశాస్త్రంలో. ఎఱ్ఱగా కనబడే గెలాక్సీలో తారలన్నీ వృద్ధములని, కొత్త పుట్టుక ఆగినదని అనుమానిస్తే ఆ హేతువు సవ్యభిచారం. నీలికాంతిని ధూళి ఎక్కువగా అడ్డగించడం చేత, యౌవనంలో ఉన్న గెలాక్సీ కూడ ఎఱ్ఱగానే కనబడవచ్చు. శ్రీహరికోట నుండి 2015 సెప్టెంబరు 28న నింగికెగసిన ఆస్ట్రోశాట్‌లోని 37.5 సెంటీమీటర్ల జంట దూరదర్శినులు అతినీలలోహితాన్ని చక్కగా చూశాయి. అయితే ధూళిని దాటి వచ్చినదానినే. ఆ లెక్కనొక్కదానినే పట్టుకుంటే జననాలు తక్కువగా తేలుతాయి. 1983లో ఐరాస్ ఉపగ్రహం ఆకాశాన్ని పరారుణంలో వెదకినప్పుడు, మామూలు దూరదర్శినికి మందంగా తోచిన ఎన్నో గెలాక్సీలు ప్రజ్వరిల్లుతూ కనిపించాయి. సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎం82 కూడ తన శక్తిలో అధికభాగాన్ని పరారుణంలోనే వెలువరిస్తుంది. ఆ వేడిమి కూడ నిర్దుష్టహేతువు కాదు సుమా! ముసలి తారలూ ధూళిని కొంత వేడిచేస్తాయి. రెండింటినీ కలిపి, దోషం తీసి లెక్కించవలసిందే.

ఉపమానమే కావాలనుకుంటే గీత మూడవ అధ్యాయం 38వ శ్లోకం ఉన్నది. అది చెప్పేది కామాన్ని గూర్చియే గాని నక్షత్రాలను గూర్చి కాదు. ఆవరణానికి అక్కడ మూడు దృష్టాంతాలు: నిప్పును కప్పిన పొగ, అద్దంపై పట్టిన మలినం, గర్భస్థశిశువును చుట్టిన మావి. ధూళి అనగానే రెండవది స్ఫురిస్తుంది, సరిపోయేది మూడవది. ధూళికణాల తలం మీదనే హైడ్రోజన్ పరమాణువులు జంటలై అణువులవుతాయి. ధూళి నీడలోనే మేఘం చల్లబడి, కుదించుకొని, తార అవుతుంది. ఆ తారాసమూహం మావిని చీల్చుకొని వెలుపలికి రావడానికి కొన్ని పదుల లక్షల సంవత్సరాలు పట్టవచ్చు.